నల్లదొకటి కావాలంట

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ లేదు. ఎమ్మెస్సీ పాసై ఆరు నెలలు కాలేదు, పట్టా కాగితం మడత కూడా నలగలేదు, అప్పుడే బీదర్‌లో ఒక ప్రైవేటు పీయూ, అంటే మన ఇంటర్, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే గెస్టు లెక్చరర్‌నైపోయాను (గెస్టంటే అతిథి. అతిథి ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి). ఆ వయసులో మనిషికి తెలివి తక్కువైనా ఫరవాలేదు గానీ, తెలివి ఉందన్న నమ్మకం ఎక్కువైతే మాత్రం చుట్టాల ఇళ్ళలోని వస్తువులకు గండం. నేను చెప్పబోయేది అలా నా నమ్మకానికి బలైపోయిన ఒక పిల్లనగ్రోవి సంగతి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రెండు వారాలపాటు నాకు అన్నం సయించలేదు.

ఆ పిల్లనగ్రోవి మా మామది. మామంటే మా అమ్మకు అన్న, తాలూకా కచేరీలో గుమాస్తా. బీదర్‌లోనే చిద్రి అనే పేటలో మా ఇంటికి రెండు సందుల అవతల వాళ్ళ ఇల్లు. మా తెలుగు సంఘంలో క్రిస్మస్ ఆరాధన మొదలయ్యేది ఆయన ఊదితేనే. పాస్టరుగారు లేవకముందే, పాటలవాళ్ళు గొంతు సవరించుకోకముందే, మామ ఒక్కడే లేచి నిలబడి మొదటి కీర్తన వరస రెండు నిమిషాలు ఊదేవాడు. అంతసేపూ చంటిపిల్లలు కూడా ఏడ్చేవాళ్ళు కాదు (ఒక్కసారి నేనే ఏడ్చానట, ఆ మాట మామ ప్రతి ఏడూ గుర్తుచేస్తాడు). అయితే ఆ ఏడాది యువజనులంతా కలిసి చర్చికి కీబోర్డు తెచ్చారు. దాన్ని వాయించే ఇంజనీరింగు కుర్రాణ్ణి మేమంతా కీబోర్డు తమ్ముడు అనేవాళ్ళం. ఒక మీట నొక్కితే అందులోంచే పిల్లనగ్రోవి పలుకుతుందని వాడు కమిటీ పెద్దల ముందు నొక్కి మరీ వినిపించాడు. పెద్దలు తలలూపారు, గుసగుసలాడారు, చివరికి, "ఈ ఒక్క క్రిస్మస్‌కు అన్నను ఊదనియ్. కీబోర్డుతోని సుర్ కలిసిందా, మంచిదే. కలవకపాయెనా, వచ్చేటేడు సంది మీటనే నొక్కుకుందాం" అని తేల్చేశారు. మామ ఇంటికొచ్చి పిల్లనగ్రోవిని నూనెగుడ్డతో తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడని అత్తమ్మ చెప్పింది. ఆ తరవాత వారానికి కచేరీ వాళ్ళు ఆయన్ని ఏదో శిక్షణకని పన్నెండు రోజులు కలబురగి పంపించారు. పిల్లనగ్రోవి ఇంట్లోనే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే నేను క్లాసులో ధ్వని పాఠం చెబుతున్నాను. రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టం, ఒక కొస మూసి ఉన్న గొట్టం, ఏది ఎలా మోగుతుందో బోర్డు నిండా బొమ్మలు గీశాను. బగ్దల్ నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల చివరి బెంచీలోంచి లేచి, "మేడం, కొళలు ఓపెన్ పైపా, క్లోజ్డ్ పైపా?" అంది. కన్నడంలో పిల్లనగ్రోవిని కొళలు అంటారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఒక పక్క బిరడా ఉంటుంది కదా, క్లోజ్డ్" అన్నాను. ఆ పిల్ల ఊరుకోకుండా, "అయితే కొలిచి, లెక్క చేసి చూపించండి మేడం" అంది. చూపిస్తానన్నాను. ఆ సాయంత్రమే అత్తమ్మ దగ్గరికెళ్ళి, పిల్లలకు పాఠం చెప్పి తెచ్చిస్తానని పిల్లనగ్రోవి అడిగాను. అత్తమ్మది మన్నాఏఖేళ్ళి అనే ఊరు, ఎవరేమడిగినా కాదనలేని మనిషి. "మీ మామకు జెప్పకు, జెల్దీ తెచ్చియ్యి" అని చీరకొంగులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి కొలిచాను. మూరెడు పొడవు, చుట్టూ ఎర్రదారం కట్లు. నేను ఊదితే ముందు గాలి వచ్చింది, తరవాత తల తిరిగింది, అరగంటకు ఎలాగో ఒక స్వరం వచ్చింది. ఫోనులో స్వరాన్ని కొలిచే యాప్ పెట్టి చూస్తే, నా లెక్క చెప్పినదానికి దాదాపు రెండింతలుంది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. బుద్ధున్నవాళ్ళైతే ఇక్కడ ఆగి, లెక్కే తప్పేమోనని అనుకుంటారు. నేను పిల్లనగ్రోవి తప్పు అనుకున్నాను. లోపల వెదురు సమంగా ఉండకపోవచ్చు, లోపలి జాగా ఎంతో కొలిస్తే తేలిపోతుందని, రంధ్రాలన్నీ టేపుతో మూసేసి, కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన కొలజాడీతో దాని నిండా నీళ్ళు పోశాను. డెబ్బై మిల్లీలీటర్లు పట్టింది. లెక్క అప్పటికీ కుదరలేదు. నీళ్ళు వంపేసి, బాగా ఆరాలి కదా అని డాబా మీద, అమ్మ ఎండబెట్టిన మిరపకాయల పక్కన, ఎండలో పెట్టి కాలేజీకి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే ఊదే రంధ్రం నుంచి మూడో రంధ్రం దాకా నిలువునా పగులు.

నేను అక్కడే మిరపకాయల మధ్య కూలబడిపోయాను. జిగురు పూశాను, దారం చుట్టాను, ఊదితే పాము బుస కొట్టినట్టు గాలి తప్ప ఇంకేం రాలేదు. మామ రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది, క్రిస్మస్‌కు పదమూడు. ఆయన రెండు నిమిషాలు నా చేతుల్లోనే పోయాయనీ, వచ్చే ఏడు నుంచి మీటే మోగుతుందనీ, దానికి కారణం నేనేననీ అనుకుంటూ చీకటిపడేదాకా డాబా దిగలేదు. చెప్పెయ్యాలనుకుని ఫోను తీసి, మామ గొంతు వినగానే, "భోజనం చేసినవా మామా?" అని అడిగి పెట్టేసేదాన్ని. అలా ఒకేరోజు మూడుసార్లు అడిగేసరికి, "ఏమైంది బిడ్డా, నాకేమన్నా బీమారా? మీకేమన్నా తెలిసిందా?" అని ఆయనే భయపడ్డాడు. ఇక చెప్పడం నా వల్ల కాదని అర్థమై, కొత్తది తయారుచేసి ఇద్దామని నిశ్చయించుకున్నాను. (కొనొచ్చు కదా అంటారు. శాస్త్రం చదివిన మనిషి కొంటుందా?)

అయితే ఎటువంటిది చెయ్యాలి? అత్తమ్మకు పగులు సంగతి చెప్పకుండా, "మామకు క్రిస్మస్‌కు కొత్త పిల్లనగ్రోవి ఇద్దామనుకుంటున్న అత్తమ్మా. ఎసొంటిది గావాలంటడో మాటల మాటల అడుగవా?" అన్నాను. అత్తమ్మ ఆ పూటే ఫోను చేసి అడిగి, నాకు కబురు చెప్పింది. "అడిగిన. బస్సుల ఉన్నడు, మస్తు గల్లత్, లొల్లి ఉండె. నల్లదొకటి గావాలంట." 

నల్లదా అని ఆశ్చర్యపోయాను. ఉన్నది తేనె రంగుది, ఇరవై ఏళ్ళుగా అదే ఊదుతున్నాడు, మనసులో మాత్రం నల్లదాని మీద కోరికుందన్నమాట, పాపం ఎవరికీ చెప్పుకోలేదు. నాకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆదివారం మన్నాఏఖేళ్ళి సంతకెళ్ళి బుట్టలల్లేవాళ్ళ దగ్గర వెదురు తెచ్చాను. పాతదాని కొలతలన్నీ దించుకున్నాను. ఇనుప చువ్వ గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి రంధ్రాలు పొడుస్తుంటే ఇల్లంతా పొగ. అమ్మ దగ్గుతూ వచ్చి, "ఎమ్మెస్సీ జేసింది ఇందుకేనా? లగ్గం జేస్తమంటే వద్దంటివి, గిప్పుడు వంటింట్ల కట్టెలు గాలుస్తున్నవ్" అంది. మొదటిది చీలిపోయింది, రెండోదానికి రంధ్రం రంధ్రంలో కలిసిపోయింది, మూడోది నిలిచింది. దానికి గేటుకు వేసే నల్ల రంగు రెండు పూతలు పూశాను. తళతళలాడిపోయింది. ఊదాను. స్వరం వచ్చింది గానీ, యాప్‌లో పాతది చూపించిన చోట ఇది లేదు, కిందెక్కడో ఉంది. కొలతలన్నీ అవే అయినప్పుడు స్వరం ఎందుకు అది కాదో నాకు అంతుపట్టలేదు. మామ రావడానికి నాలుగు రోజులే ఉంది.

ఇక గత్యంతరం లేక పాత ఊళ్ళో పేటీ చాచా దగ్గరికి పరుగెత్తాను. ఇక్కడ హార్మోనియాన్ని పేటీ అంటారు. వాటిని బాగుచేస్తాడు కాబట్టి ఆయన పేటీ చాచా. రేకుల షెడ్డులో చుట్టూ విప్పిన హార్మోనియాల మధ్య కూర్చుని, నేనిచ్చిన నల్ల పిల్లనగ్రోవిని దూరంగా పట్టుకుని చూసి, "కౌన్సీ పట్టీ?" అన్నాడు. ఏ మీట శ్రుతి కావాలి అని. నాకు అర్థం కాలేదు. "పట్టీ గిట్టీ తెల్వదు చాచా. మా మామ నల్లది ఒకటి గావాలన్నడు, అందుకే నల్ల రంగేసిన" అన్నాను. చాచా నా మొహం చూశాడు, పిల్లనగ్రోవి చూశాడు. "నల్లది... ఒకటి..." అని నెమ్మదిగా పలికాడు. "కాలీ... ఏక్!" అని ఒక్క అరుపు అరిచి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, పక్క దుకాణంవాళ్ళు నీళ్ళు పట్టుకొచ్చేదాకా ఆగలేదు. తరవాత తన పేటీ నా ముందుకు లాగి చూపించాడు. మీటల్లో తెల్లవీ నల్లవీ ఉంటాయి కదా, అందులో మొదటి నల్లమీట పేరు కాలీ ఏక్. పాడేవాళ్ళూ ఊదేవాళ్ళూ తమ శ్రుతిని ఆ మీట పేరుతోనే చెప్పుకుంటారు. మామ తన శ్రుతి చెప్పాడు, అత్తమ్మ దాన్ని శుద్ధమైన తెలుగులోకి మార్చింది, నేను దానికి రెండు పూతల రంగేశాను.

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పగులు సంగతీ, నీళ్ళ సంగతీ, కుదరని లెక్క సంగతీ మొత్తం చెప్పేశాను. చాచా నవ్వాపి విన్నాడు. పిల్లనగ్రోవిని తీసుకుని ముందు ఊదే రంధ్రం మీద వేలు పెట్టి, "ఇధర్ దర్వాజా" అన్నాడు, అవతలి కొస మీద వేలు పెట్టి, "ఉధర్ భీ దర్వాజా" అన్నాడు. "రెండు దిక్కుల దర్వాజలు తెరిచే ఉన్నయి గద మేడమ్మా, బంద్ యేడున్నది?" నాకు చెళ్ళున కొట్టినట్టయింది. ఊదే రంధ్రమే తెరిచిన కొస. బిరడా దాని అవతల ఊరికే ఉంటుంది. క్లోజ్డ్ అని నలభైమంది పిల్లలకు బల్లగుద్ది చెప్పొచ్చాను. లెక్క సగానికి రావడానికి కారణం వెదురు కాదు, నేను. ఇక కొలతలన్నీ అవే అయినా స్వరం ఎందుకు దిగిందంటే, నా వెదురు గోడ మందం, లోపలి బోలు వేరు. మందంగా ఉంటే రంధ్రం లోతవుతుంది, స్వరం కిందికి జారుతుంది. పొడవు ఒక్కటే దించుకుంటే సరిపోదు.

"ఎక్కియ్యొచ్చు" అన్నాడు చాచా, ఆకురాయి నా చేతికిస్తూ. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేస్తే స్వరం పైకెళుతుంది. కానీ వెళ్ళింది మళ్ళీ కిందికి రాదు. ఒక్క గీటు ఎక్కువైతే అంతా వృథా. మూడు మధ్యాహ్నాలు కాలేజీ నుంచి నేరుగా వచ్చి ఆ రేకుల కింద చెమటలు కక్కుతూ కూర్చున్నాను. చాచా కళ్ళు మూసుకుని ఒక మీట నొక్కి పట్టేవాడు, నేను ఒక్క గీటు గీసి ఊదేదాన్ని. "ఔర్" అనేవాడు, ఇంకా అని. మళ్ళీ ఒక గీటు. "ఔర్". ఆకురాయి ఆనించిన ప్రతిసారీ ఇదే ఆఖరి గీటవుతుందేమో, ఇక్కడే మామ క్రిస్మస్ పోతుందేమోనని ఊపిరి బిగబట్టేదాన్ని. చాచా కళ్ళు తెరవకుండానే, "దమ్ము పట్టుకుంటే ఎట్ల ఊదుతవ్?" అనేవాడు. ఆరో రంధ్రానికి "బస్", చాలు, అన్నప్పుడు నా వేళ్ళన్నీ నల్లరంగు, వెదురు పొట్టు. మర్నాడే క్లాసులో, "పోయినవారం నేను చెప్పింది తప్పు. పిల్లనగ్రోవి ఓపెన్ పైపు" అని చెప్పాను. బగ్దల్ పిల్ల నోట్సులో కొట్టేసి రాసుకుంది. "నాకు అప్పుడే డౌటొచ్చింది మేడం" అని కూడా అంది.

మామ కలబురగి నుంచి దిగిన సాయంత్రం, రెండు పిల్లనగ్రోవులూ పట్టుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. మాటలు ముందే కంఠస్థం చేసుకున్నాను గానీ, అవి ఎత్తుకోకముందే పగిలినది ఆయన చేతిలో పెట్టేశాను. మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఎండల వెట్టినవా?" అన్నాడు. "నీళ్ళు వోసి ఎండల వెట్టిన మామా." "నీళ్ళెందుకు వోసినవ్?" "లోపల ఎంత జాగున్నదో చూద్దామని." "ఎంతున్నది?" "డెబ్బై మిల్లీలీటర్లు." మామ అత్తమ్మ వైపు తిరిగి, "విన్నవా? ఇరవై ఏండ్ల సంది ఊదుతున్న. కప్పెడు చాయ్ గూడ పట్టదంట దీంట్ల" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పగులు మీద బొటనవేలితో అటూ ఇటూ రాస్తూ, "లగ్గం కంటె ముందటిది ఇది" అని మాత్రం అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. తరవాత నల్లదాన్ని చేతిలోకి తీసుకుని, "దీనికి గీ రంగేంది?" అన్నాడు. అత్తమ్మ వెంటనే, "నువ్వే గద నల్లదొకటి గావాలంటివి!" అంది. మామ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కాలీ ఏకా? అయ్యో, అది సుర్ గదనే!" "గది నాకేమెరుక? కాలీ అంటే నల్లది, ఏక్ అంటే ఒకటి. ఏం తప్పు జెప్పిన నేను?" అని అత్తమ్మ నిలదీసింది. ఆ వాదం మా కుటుంబంలో ఇంకా నడుస్తూనే ఉంది. మామ అప్పుడు నవ్వాడు. మూడు రోజులు దానిమీద సాధన చేశాడు. నేను మాత్రం ఆ మూడు రోజులూ వాళ్ళ సందులోకే పోలేదు.

క్రిస్మస్ పొద్దున బీదర్‌లో చలి ఎముకలు కొరికేస్తోంది. చర్చి కిటికీల బయట మంచు, లోపల అందరం శాలువాల్లో. కీబోర్డు తమ్ముడు శ్రుతి కోసం ఒక స్వరం పట్టి ఉంచాడు. మామ లేచి నిలబడి ఊదాడు. మొదటి స్వరానికే నా ప్రాణం జారిపోయింది. కలవలేదు. పూర్తిగా తప్పనీ కాదు, పావు మెట్టు కిందికి, రెండూ ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మేం దాన్ని శ్రుతి చేసింది మండే రేకుల కింద. చల్లగాలిలో శబ్దం నెమ్మదిస్తుంది, స్వరం దిగుతుంది. పుస్తకంలో ఉన్న సంగతే, నేనే పిల్లలకు చెప్పిన సంగతే, కానీ ఆ రేకుల కింద ఒక్కసారైనా గుర్తురాలేదు. మామ ఆగి, పెదవులు తడుపుకుని, మళ్ళీ ఊదాడు. మళ్ళీ అదే. ముందు వరసలో కమిటీ పెద్ద ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. మామ పిల్లనగ్రోవిని పెదవుల దగ్గరనుంచి తీసేశాడు. ఆయన చేతులు కిందికి దిగడం చూసి నేను లేచి నిలబడ్డాను, తప్పు నాదని అరుద్దామని.

నేను నోరు తెరిచేలోపే చూస్తే, కీబోర్డు తమ్ముడు తల వంచుకుని ఏవో మీటలు వరసగా నొక్కుతున్నాడు. వాడి పిల్లనగ్రోవి మీట నొక్కడానికే అనుకున్నాను, అందరూ అలాగే అనుకుని ఉంటారు. వాడు తలెత్తి, మైకులో పడుతుందని కూడా చూసుకోకుండా, "మామా, నువ్వు గట్లనే ఉండు. నేనే దిగుతున్న" అన్నాడు. ఆ కీబోర్డులో స్వరాలన్నిటినీ ఒక్కసారిగా పైకీ కిందికీ జరిపే ఏర్పాటు ఉందట. పేటీకి అది ఉండదు. వాడు జరిపి, మళ్ళీ శ్రుతి పట్టాడు. మామ వాడి వైపు ఒక్క క్షణం చూసి ఊదాడు. రెండూ కలిసిపోయాయి. ఆ రెండు నిమిషాలు ఆయన ఎలా ఊదాడో నేను చెప్పలేను, ఎందుకంటే నేను శాలువా నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. పాట అయ్యాక కమిటీ పెద్దలు, "కలిసింది" అన్నారు. ఎవరు దిగితే కలిసిందన్నది వాళ్ళు అడగలేదు. ఆ తరవాత చాలా ఏళ్ళు మామే మొదలుపెట్టాడు, శ్రుతి పట్టింది ఆ తమ్ముడే.

ఆ పొద్దున ఆరాధనయ్యాక మెట్ల మీద తీసిన ఫోటో ఒకటి నా దగ్గరుంది. నేను పూసిన గేటు రంగు ఆ పొద్దుటి మంచు చెమ్మకు మెత్తబడింది కాబట్టి, మామ కింది పెదవి పొడుగునా నల్లటి గీత, ఆయన అది తెలియకుండా హాయిగా నవ్వుతున్నాడు. తెలిసిన అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కీబోర్డు తమ్ముడు మామ భుజం మీద చెయ్యేశాడు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే, చివర్లో శాలువా పిడికిట్లో బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని పిల్లనగ్రోవి వైపే చూస్తున్న బక్కపలచని పిల్ల నేను. అది ఇంకా ఎక్కడ పగులుతుందోనన్న భయం మొహమంతా. అప్పుడప్పుడు ఆ ఫోటో తీసి చూసుకుంటాను. ఆ పిల్లను చూస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. పాట అయిపోయిందే తల్లీ, ఇక ఊపిరి తీసుకో అని చెప్పాలనిపిస్తుంది.